నాలుగు కొమ్ముల నెలవంక

నాకు డెబ్బై ఏళ్ళు నిండాయని బస్సుల్లో చెబుతుంటాను. ఎవరో ఒకరు లేచి చోటు ఇస్తారు. ఆస్పత్రుల్లో ఇంకో రెండేళ్ళు కలుపుతాను, వరస కొంచెం ముందుకు జరుగుతుంది. నిజానికి నాకు అరవై మూడు. మొన్న హోసూరులో కంటికి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు ఈ గుట్టు కాగితాల్లో బయటపడింది. కట్టు విప్పిన అమ్మాయి నా ఎదురుగా చిన్న దీపం పట్టుకుని, "తాతా, దీపాలు ఎన్ని కనబడతా ఉండాయి?" అని అడిగింది. నేను బాగా ఆలోచించినట్టు మొహం పెట్టి, "మూడమ్మా" అన్నాను. ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. డాక్టరును పిలవడానికి లేవబోతుంటే చెయ్యి పట్టి ఆపాను. "ఒకటేనమ్మా. ఊరికే అన్నాను." ఆమె నవ్వలేదు. "ఇట్లాంటి మాటలు ఈడ చెప్పొద్దు తాతా" అని కాగితంలో ఏదో రాసుకుంది.

ఒకటే కనబడింది. నా ఒట్టి కంటికి, అద్దాలు లేకుండా, ఒక దీపం ఒకటిగా కనబడడం పుట్టాక అదే మొదలు. కొత్తగా పెట్టిన కటకంలోనే నా పాత వంకరను కూడా సరిచేశామని డాక్టరు చెప్పారు. అస్టిగ్మాటిజం అంటారట. నల్లగుడ్డు మీది పొర బంతిలా గుండ్రంగా ఉండాల్సింది, కొందరికి కోడిగుడ్డులా ఒక పక్కకు సాగి ఉంటుంది. అందువల్ల ప్రతి దీపానికీ కింద, కొంచెం కుడిపక్కగా, ఇంకో దీపం ఉంటుంది. మొదటిదానికంటే పలచగా, నీళ్ళు పోసిన మజ్జిగలా. ఒక కన్ను మూసినా అది పోదు. అక్షరాలకు కింద నీడ అక్షరాలు, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి వెనకే ఇంకో పలచని మనిషి. లోకమంతా ఇట్లాగే చూస్తుందనుకుని పెరిగాను. నీకు కనబడేదీ నాకు కనబడేదీ ఒకటేనా అని ఎవరూ ఎవరినీ అడగరు కదా.

మాది వేప్పనపల్లి దాటాక కుప్పం వైపు పోయే దారిలో ఒక చిన్న పల్లె. చుట్టూ మామిడి తోపులు, వాటి వెనక బండలు, బండల మధ్య గొర్రెల మేత. మా మందలో నూట యాభై గొర్రెలుండేవని హోసూరులో నేను పనిచేసిన కంపెనీలో అందరికీ చెప్పాను. నలభై రెండు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాయన, నేను, గొంగళి వాసన. వాన తడిసిన గొంగళిని దండెం మీద వేస్తే ఇల్లంతా గొర్రె అయిపోతుంది. సంకటి ముద్దలో, పితికిపప్పు కూరలో, నా బడి పుస్తకాల్లో అదే వాసన. నాయన తెల్లారకముందే లేచి దొడ్డిలోకి పోయి ఒక్కొక్క గొర్రె చెవులు పట్టి చూసేవాడు. చెవి వేడిగా ఉంటే ఆ రోజు దాన్ని మేతకు తోలడు. ఆయన గొర్రెలకు పేర్లు పెట్టలేదు. ఫలానా దాని కూతురు, ఫలానా దాని మనవరాలు అనేవాడు. ఆయన కళ్ళకు పొర కమ్మి వెలుగూ నీడా తప్ప ఏదీ తెలియకుండా పోయిన తర్వాత కూడా, వీపు మీద చెయ్యి వేసి అది ఎవరి కూతురో చెప్పేవాడు. మంద ఎటు పోయేదీ చెవులతోనే పట్టుకునేవాడు. ఆపరేషన్ చేయించుకోమంటే, "చేతులుండాయి, చెవులుండాయి, ఇంకేం కావాల?" అనేవాడు.

చేతికీ చెవికీ అందనిది ఒక్కటే ఉండేది. నెలపొడుపు. అమావాస్య పోయాక పడమట సన్నగా నెలవంక కనబడే సాయంత్రం, కాళ్ళు కడుక్కుని దొడ్డి ముందరి బండ మీద నిలబడి దాన్ని చూడాలి. ఉత్తరం కొమ్ము పైకి లేచి ఉంటే వానలు, మేత. దక్షిణం కొమ్ము లేస్తే ఎండలు, గొర్రెలకు రోగాలు, మందను తగ్గించుకోవాలి. రెండూ సమంగా ఉంటే ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి, ఏదీ అమ్మకూడదు, ఏదీ కొనకూడదు. ఇది మా తాత నాయనకు చెప్పిన లెక్క, ఆయనకు ఆయన నాయన చెప్పింది. ఉగాది తర్వాత వచ్చే నెలపొడుపు ఏడాది మొత్తానికీ తీర్పు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గొర్రెల యజమాని చూడాలి, లేదంటే ఆయన కడుపున పుట్టినవాళ్ళు చూడాలి. పరాయి కన్ను పనికిరాదు. అందుకే నేను హోసూరులో ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా ప్రతి నెలా ఆ ఒక్క సాయంత్రానికి సెలవు పెట్టి, కృష్ణగిరిలో బస్సు మారి ఊరికి పోయేవాణ్ణి.

ఇప్పుడు చెప్పొచ్చు. నాకు నెలవంకలు రెండు కనబడేవి, ఒకదాని కింద ఒకటి. మొత్తం నాలుగు కొమ్ములు. అసలే మంచి కంటికి కూడా వెంట్రుకవాసి తేడా అది. నాలుగింట్లో ఏది పైకి లేచిందో నాకేం తెలుస్తుంది?

"ఏ కొమ్ము లేసిందప్పా?" అని నాయన వెనకనుంచి అడిగేవాడు.

"ఉత్తరం కొమ్మే నాయనా."

"ఎంత?"

"రెండు వేళ్ళు."

"రెండు వేళ్ళా? మా నాయన కాలంలోనే అంత లేయలేదే."

"ఒక వేలు అనుకో."

"అనుకునేదేమిరా, చూసి చెప్పు."

"ఒక వేలే నాయనా."

ఆయన తృప్తిగా గొంగళి సర్దుకునేవాడు. వాన వస్తే కొమ్ము చెప్పినట్టే వచ్చింది. రాకపోతే పక్క ఊళ్ళో కురిసి ఉంటుంది. ఇట్లా కొన్నేళ్ళు నా నాలుగు కొమ్ములతో మా మంద బాగానే నడిచింది. అప్పట్లో నేను ఆయన్ను మోసం చేస్తున్నాననుకోలేదు. అందరికీ నాలుగే ఉంటాయి, వాటిలో మంచిదాన్ని ఏరుకోవడమే పెద్దల విద్య అనుకున్నాను.

హోసూరులో నాది వరసగా కట్టిన ఆరు గదుల్లో చివరి గది. మిగతా అయిదింట్లో కుటుంబాలు. ఒక గోడ వెనక అరవం, ఆ పక్క కన్నడం, ఎదురుగా తెలుగు. సాయంత్రమైతే గోడల వెనక గిన్నెల చప్పుడు, పోపు వాసన, ఎవరినో భోజనానికి పిలిచే గొంతు. చలికాలంలో ఆ ఊరికి మంచు దిగేది, తలుపులన్నీ పెందలాడే మూసుకునేవి. ఒక్కడికి సంకటి కెలకడం ఎవరివల్లా కాదు. ఎంత తగ్గించి పిండి పోసినా ఇద్దరికి సరిపడా అవుతుంది. రెండో ముద్దను మజ్జిగలో వేసి పొద్దున తినేవాణ్ణి. ఆదివారాల్లో బస్టాండుకు పోయి, కృష్ణగిరి బస్సుల్లోంచి ఎవరు దిగుతారో చూస్తూ నిలబడేవాణ్ణి. నాకోసం ఎవరూ దిగరని తెలుసు. అప్పట్లో నాకు స్నేహితులు పాతికమంది అని రాసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. ఉన్నది ఒక్కడు, నరసింహులు. మదనపల్లె వైపు నుంచి వచ్చి మా కంపెనీలోనే పనిచేసేవాడు. వాడికి పెళ్ళయిపోయాక ఆదివారాలు వాడి చేతిలో లేవు.

నాకు ముప్ఫై ఏళ్ళు. నాకున్న కోరిక చెబితే నవ్వుతారు. పని నుంచి వచ్చినప్పుడు తాళం తీయకుండా ఇంట్లోకి పోవాలి. లోపల ఎవరో ఒకరు ఉండి తలుపు దగ్గరకు వేసి ఉంచాలి. అంతే. నాయనను వచ్చి ఉండమని ఎన్నిసార్లు అడిగానో. "మందను ఏం చేసేది?" అని ఒకే మాట అనేవాడు.

కళ్ళ సంగతి కంపెనీలో బయటపడింది. కమ్మీల మందం కొలిచి సరైనవీ కానివీ వేరు చేయడం నా పని. కొలత బద్ద మీద ప్రతి గీతకూ ఒక నీడ గీత. ఎడమదే అసలుదని నాకు నేనే ఒక సూత్రం పెట్టుకుని చాలాకాలం నెట్టుకొచ్చాను. సన్నగీతల కొత్త బద్ద వచ్చాక సూత్రం పనిచేయలేదు. నేను సరే అన్న కమ్మీలు వెనక్కి వచ్చాయి. నరసింహులు నన్ను పక్కకు పిలిచి తన వేలు ఒకటి చూపించాడు.

"ఎన్ని?"

"ఒకటే. దాని కింద నీడ ఉంటాది కదా, అదొకటి."

"నీడ యాడుందిరా?"

"నీకు లేదా?"

వాడు వేలు దించేశాడు. "అదృష్టవంతుడివి రాజప్పా, బజ్జీ ఒకటి కొనుక్కుంటే రెండు తింటావు" అని, ఆ సాయంత్రమే బస్టాండు దగ్గరి కళ్ళద్దాల అంగడికి లాక్కుపోయాడు.

అంగడాయన నా ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, సూర్యకిరణాల్లా గీతలు గీసిన అట్ట ముందు కూర్చోబెట్టాడు. కొన్ని గీతలు నల్లగా, కొన్ని అలికినట్టుగా ఉన్నాయి. "నేను తిప్పతా ఉంటానప్పా. అన్ని గీతలూ ఒకే నలుపుకు వచ్చినప్పుడు చెప్పు" అన్నాడు. చట్రంలో అద్దం కొంచెం కొంచెం తిరిగింది. నీడలు ఒక్కొక్కటే వెనక్కి నడిచి గీతల్లోకి దూరిపోయాయి. "ఆపండి" అన్నాను. అద్దాలు తయారై చేతికొచ్చిన సాయంత్రం ఊరంతా తిరిగాను. మొదట నేల ఏటవాలుగా కనబడి తాగినవాడిలా నడిచాను. తర్వాత వీధి దీపాలు చూశాను, ఒక్కొక్కటి, విడివిడిగా, గట్టిగా. ఎదురొచ్చే మనుషుల వెనక ఎవరూ లేరు. గదికి వచ్చి దీపం వేశాను. ఒక్క దీపం, ఒక్క గిన్నె, కొక్కానికి ఒక్క చొక్కా. అద్దాలు తీసేసి అన్నం తిన్నాను.

ఆ తర్వాత రెండు వారాలకు ఉగాది నెలపొడుపు. ఈ భాగాన్ని పెళ్ళిళ్ళలో, పంక్తి భోజనాల్లో చాలాసార్లు చెప్పాను. నా కంటి వంకర వల్ల కొమ్ము తారుమారై కనబడిందనీ, నేను దక్షిణం అన్నాననీ, నాయన నమ్మి మందంతా అమ్మేశాడనీ, ఆ ఏడాది వానలు విరగబడ్డాయనీ చెబుతాను. విన్నవాళ్ళు అయ్యో అంటారు. కంటిని ఎవరేమంటారు? చెప్పే తీరుకు కొందరు నవ్వుతారు కూడా.

నిజానికి ఆ రోజు అద్దాలు నా జేబులో ఉన్నాయి. ఊరి ముందర మామిడి తోపు గట్టు మీద ఆగి, ఎవరూ లేరని చూసుకుని పెట్టుకున్నాను. గొర్రెలవాళ్ళ ఇంట్లో కళ్ళద్దాలేమిటని నవ్వుతారని అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పడమట ఒకే ఒక్క నెలవంక ఉంది. రెండు కొమ్ములు. తట్టను నేల మీద పెట్టినట్టు సమంగా, ఏ పక్కకూ వెంట్రుకంత కూడా వాలకుండా. నేను అంత అందమైనదాన్ని అంతకుముందు చూడలేదు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి అని దాని తీర్పు. అద్దాలు తీసి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాను. నాయన అప్పటికే కాళ్ళు కడుక్కుని బండ దగ్గర నిలబడి ఉన్నాడు.

"దక్షిణం నాయనా" అన్నాను. ఈసారి ఎంత అని ఆయన అడగకముందే, "రెండు వేళ్ళు" అన్నాను.

పక్కింటి మునెప్ప తన మంద కోసం తానే చూసుకుని వచ్చి, "సమంగా ఉండె కదన్నా" అన్నాడు.

"నీ మందకు నీ చూపు. నా మందకు నా బిడ్డ చూసినాడు" అన్నాడు నాయన.

రెండు వేళ్ళంటే మందలో ఒక్కటీ మిగలదని నాయన అన్నీ అమ్మకానికి పెట్టాడు. కొనడానికి మత్తూరు నుంచి వచ్చినవాళ్ళు లారీ తెచ్చారు. నాయన లారీ పక్కన నిలబడి, ఎక్కే ప్రతి గొర్రె వీపు మీదా చెయ్యి వేసి ఇది ఫలానా దాని కూతురు అని కొనేవాడికి చెప్పాడు. వాడు ఊఁ కొడుతూ వేరే ఎటో చూశాడు.

నాయన హోసూరు వచ్చాడు. మొదటి రెండు నెలలూ నేను సంతోషంగా ఉన్నాను, ఇందులో అబద్ధం లేదు. సాయంత్రం వచ్చేసరికి తలుపు దగ్గరకు వేసి ఉండేది. గదిలో గొంగళి వాసన. సంకటి ఇద్దరికీ సరిగ్గా సరిపోయేది. ఆయన ముందు అద్దాలు పెట్టుకోకుండా జాగ్రత్తపడేవాణ్ణి, తర్వాత ఆయనకు ఎలాగూ కనబడదని పెట్టుకునే తిరిగాను. ఆయన పగలంతా గడప మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళలో మన మాట వినబడితే, "మీది యా ఊరప్పా? ఆ తట్టు వానలెట్ల?" అని అడిగేవాడు. బాగున్నాయనే చెప్పేవాళ్ళు. వానాకాలం సగానికి మునెప్ప ఒకరోజు పని మీద హోసూరు వచ్చి మా గదికి వచ్చాడు, చేతిలో చెంబెడు పెరుగుతో.

"చెరువు నిండి మరవ పోతా ఉండాదన్నా. ఈ తూరి నా మందలో అన్నీ కవలలే. మేతకు కొదవ లేదు" అన్నాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు.

"మంచిదప్పా" అన్నాడు నాయన. మునెప్ప పోయాక పెరుగు చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు చూసింది చూసినట్టు చెప్పినావు. మా నాయన లెక్కే తప్పు" అన్నాడు. "ఇన్నేండ్లూ గాలిమాట పట్టుకుని మందను తోలినాను రా."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. చెబితే మరుసటి పొద్దునే ఆయన బస్సెక్కుతాడని తెలుసు. సంకటి చల్లారుతుంది తిను నాయనా అన్నాను.

ఆ తర్వాత ఆయన నెలపొడుపు సంగతి ఎత్తలేదు. వానల గురించి కూడా ఎవరినీ అడగలేదు. తాత ముచ్చట్లు ఎన్ని చెప్పేవాడో, అన్నీ ఆగిపోయాయి. గొంగళిని మడిచి అటక మీద వేయించాడు. ఒకే గదిలో ఇద్దరం, రెండేళ్ళు, ఆయన గోడ వైపు, నేను తలుపు వైపు. నేను తాళం తీయకుండా ఇంట్లోకి పోతూనే ఉన్నాను. లోపల ఉన్నది మా నాయన మాత్రం కాదు. చెప్పిందానికల్లా తలూపే ముసలాయన ఎవరో.

కృష్ణగిరిలో ఆపరేషన్‌కు కూడా అట్లాగే తలూపాడు. "ఇంక వీటితో నాకేం పని, కోసుకోనీ" అన్నాడు. కట్టు విప్పిన రోజు నన్ను ఎదురుగా నిలబెట్టుకుని నింపాదిగా చూశాడు. చాలా ఏళ్ళ తర్వాత నా మొహం చూస్తున్నాడు కదా, కన్నీళ్ళు పెట్టుకున్నాడని రాయాలని ఉంది. పెట్టుకోలేదు.

"ఈ కండ్లద్దాలు ఎప్పటివిరా?" అన్నాడు.

"మొన్ననే నాయనా."

మూడో రోజుకు హోసూరులో నెలపొడుపు. మిద్దె మీదకు పోయి చూద్దాం రా నాయనా, ఇప్పుడు నీ కండ్లతోనే చూడొచ్చు అన్నాను. మెట్ల కింద కూర్చుని కదలలేదు. "దాన్ని చూసి ఏం చేసేదప్పా? ఆకాశంలో ఉండాది, ఉండనీ." ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే నేను ఈరోజుకీ నోరు విప్పి ఉండను. మామూలుగా అన్నాడు, బస్సు లేదన్నట్టు. నేను ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"అద్దాలు మొన్నటివి కాదు నాయనా. ఆ ఉగాదికి ముందరివి."

ఆయన తల తిప్పాడు. "అయితే చూసినావా?"

"చూసినాను."

"ఎట్లుండె?"

"సమంగా ఉండె. తట్ట పెట్టినట్టు."

కొడతాడనుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. తర్వాత తొడ మీద అరచేత్తో చరుచుకున్నాడు. "అయితే మా నాయన చెప్పింది సరే" అన్నాడు. మళ్ళీ అన్నాడు. నవ్వాడు, పళ్ళు లేని చోట్లన్నీ కనబడేలా. ఆ నవ్వు తగ్గాక అడిగాడు, "యాల అబద్దం చెప్పినావురా?"

ఒక్కణ్ణే ఉండలేక అని చెప్పానని నాకు నేనే చెప్పుకుంటుంటాను. చెప్పలేదు. "నీ మంచికే నాయనా. కండ్లు లేకుండా ఆ పల్లెలో ఒక్కడివే ఎట్లుంటావని" అన్నాను.

"నేను యాడ ఒక్కణ్ణిరా? మంద ఉండె గదా" అన్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి మిద్దె ఎక్కాడు. నేను వెనక పోయేసరికి పడమటికి తిరిగి నిలబడి ఉన్నాడు. "ఉత్తరం. అర వేలు" అన్నాడు. నన్ను అడగలేదు.

ఇప్పుడు ఆ ఆరు గదులూ లేవు, ఆ చోట అంతస్తులు లేచాయి. నేనుండే మిద్దె మీద నీళ్ళ తొట్ల మధ్య నిలబడితే పడమట ఇంకా ఆ కొంచెం ఆకాశం మిగిలి ఉంది. వాన సంగతి ఫోన్లు చెబుతాయి, తప్పు చెప్పినా వాటి మీద ఎవరికీ కోపం రాదు. నా ఆపరేషన్ తర్వాత వచ్చిన మొదటి నెలపొడుపును ఒట్టి కంటితో చూశాను. దక్షిణం కొమ్ము ఒక వేలు పైన ఉంది. స్పష్టంగా ఉంది. కిందికి దిగి వచ్చాను. చెప్పడానికి ఎవరూ లేరు, నాకు మంద లేదు.

నాయన మాత్రం, ఆనాడు మిద్దె ఎక్కి నెలవంకను చూసిన వారంలోనే ఊరికి బయలుదేరాడు. మునెప్ప నాలుగు పిల్లగొర్రెలు పాలికి ఇస్తానన్నాడట, మేపితే పుట్టే పిల్లల్లో సగం మేపినవాడికి. అటక మీది గొంగళిని తానే దింపుకున్నాడు. నేనే దగ్గరుండి సంతోషంగా పంపానని చెబుతుంటాను. ఉండిపో నాయనా అని హోసూరు బస్టాండులో, జనం మధ్యలో, రెండుసార్లు అడిగాను. "నెలపొడుపుకు సెలవు పెట్టి రాబళ్లేదులే. ఇంక నేనే చూసుకుంటాను" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ కింద నిలబడ్డాను, ఏదైనా అంటాడేమోనని. ఆయన అప్పటికే పక్క సీటాయన వైపు తిరిగి, "మీది యా ఊరప్పా? ఆ తట్టు మేత ఎట్లుండాది?" అని అడుగుతున్నాడు. ఆయన ఏం చెప్పాడో, నాయన ఉత్సాహంగా ముందుకు వంగాడు. బస్సు కదిలింది.